సీసపు సిపాయిలు

ఆ ఆదివారం హవల్దార్ సాబ్ పాచికలు వేయబోయి, వాటిని బల్లమీద కాక తన ఒళ్ళోనే జారవిడిచాడు. ఏరుకుని మళ్ళీ వేయబోతే మళ్ళీ జారాయి. నేను ఆయన చేతివైపు చూశాను. ముంజేయి బల్లకు సమాంతరంగా చాచి ఉంది. మణికట్టు నుంచి కిందిభాగం మాత్రం తడిగుడ్డలా వేలాడుతోంది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి కానీ పైకి లేవడం లేదు. నొప్పి ఏమాత్రం లేదన్నాడు. నన్ను కలవరపెట్టింది ఆ మాటే. నొప్పి ఉంటే కారణం వెతకవచ్చు.

"ఏదో నరం పట్టినట్టుంది సార్. ఎడమ చేత్తోని ఏస్త, మీరు ఆడున్రి," అన్నాడాయన. ఆట సాగింది.

ఆ ఆట ఏమిటో ముందు చెప్పాలి. పాత యుద్ధాలను బల్లమీద మళ్ళీ నడిపే ఆట అది. చిటికెనవేలి పొడవున్న సీసపు బొమ్మలు రెండు సైన్యాలుగా నిలుస్తాయి. కాల్బలం ఎంత దూరం నడుస్తుందో, గుర్రం ఎంత దూరం ఉరుకుతుందో స్కేలుతో కొలుస్తాం. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. నష్టం ఒక హద్దు దాటితే ఆ పటాలం నిలబడుతుందో పారిపోతుందో చెప్పేదీ పాచికలే. చదరంగంలో రెండు పక్షాలూ సమానం. ఇక్కడ అలా కాదు, చరిత్రలో ఎవరికి ఎంత బలం ఉందో అంతే ఇస్తాం.

తొంభైల మధ్యలో నేను మేడ్చల్ పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో ఫిక్స్చర్ల డ్రాయింగులు గీసేవాణ్ణి. యంత్రంలో పనిముక్కను కదలకుండా పట్టి ఉంచే సాధనాన్ని ఫిక్స్చర్ అంటారు. హవల్దార్ సాబ్ మా గేటు కాపలాదారు. శామీర్‌పేట రైతు కుటుంబం నుంచి పటాలానికి వెళ్ళి, పింఛను పుచ్చుకుని తిరిగివచ్చి, ఖాళీగా కూర్చోలేక మా దగ్గర చేరాడు. ఒకరోజు గేటు దగ్గర నా సంచీ తనిఖీ చేస్తూ, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఒక విదేశీ పత్రిక తీశాడు. దాని నిండా ఈ ఆటకు సంబంధించిన ఫోటోలు. షిఫ్టు అయిపోయేదాకా దాన్ని తిరిగి ఇవ్వలేదు. సాయంత్రం ఇస్తూ ఒక్క తప్పు చూపించాడు: తుపాకుల వరుస ముందు గుర్రాలను నిలిపిన ఫోటోలో తుపాకులు పేలితే ముందు చచ్చేది తమ గుర్రాలేనట. ఆ తర్వాతి ఆదివారం నేను స్కూటర్ మీద శామీర్‌పేట వెళ్ళాను. ఆ వెళ్ళడం ఏళ్ళ తరబడి ఆగలేదు.

మేము ఎంచుకున్నది రక్కసి తంగడి యుద్ధం. విజయనగరం ఒకవైపు, సుల్తానులు ఒకవైపు. ఆ సైన్యాలకు బొమ్మలు ఏ దుకాణంలోనూ దొరకవు కనుక మేమే పోత పోయాలి. పని సహజంగానే విడిపోయింది. నియమాలు, యుద్ధభూమి నమూనా, బల్ల నావి. బొమ్మలు ఆయనవి. వేపచెక్కలో మూలబొమ్మ చెక్కి, ప్లాస్టర్‌తో రెండు ముక్కల అచ్చు తీసేవాడు. సీసం మేడ్చల్‌లో హైవే పక్కన లారీ బ్యాటరీలు విప్పే షెడ్డు నుంచి తెచ్చేవాడు. బ్యాటరీ పలకల సీసంలో ఆంటిమొని అనే గట్టి లోహం కలిసి ఉంటుంది. అందువల్ల పోత గట్టిగా వస్తుంది, కత్తి అంచు కూడా స్పష్టంగా పడుతుంది. ఆ సంగతి నేను వివరించినప్పుడు ఆయన ఎంతో సంతోషించాడు.

తన ఇంటి వెనకగదిలో కిరసనాయిలు స్టవ్ మీద ఇనుప గరిటెలో సీసం కరిగించేవాడు. గాలికి మంట కొట్టుకుంటే అచ్చు సమంగా వేడెక్కదని కిటికీ మూసేవాడు. పోత చల్లారాక అంచుల్లో మిగిలిన రేకును ఆకురాయితో అరగదీసి, పొడిని నోటితో ఊదేవాడు. తర్వాత ఇనుప గేట్లకు వేసే ఎర్ర ప్రైమరు పూసేవాడు. ఆపైన రంగులు. కనుబొమ్మ గీయాలంటే కుంచెకు సూదిమొన కావాలి. ఆయన ప్రతి గీతకూ ముందు కుంచెను పెదాల మధ్య పెట్టి, నాలుకతో తిప్పి, మొన తీసేవాడు. ఈ పని చేసేవాళ్ళు ఎక్కడున్నా ఇలాగే చేస్తారని పత్రికలో చదివి ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇస్తూ ఆమె ఒకసారి అంది: "నా మొకానికి ఒక్కసారన్న గంతసేపు సూడలే సారూ. గా బొమ్మ మీసాలకైతే పొద్దుగూకుతది." ఆయన తల ఎత్తకుండానే, నీకు మీసాల్లేవు కదా అన్నాడు.

ఆటలో ఆయన పెట్టిన ఆచారం ఒకటి ఉండేది. పత్రికల్లో చచ్చిన బొమ్మను బల్లమీంచి తీసేయమంటారు. ఆయన ఒప్పుకోలేదు. పడినవాణ్ణి పడినచోటే వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆట ముగిశాక ఓడినవాడే అందరినీ, తనవాళ్ళనూ ఎదుటివాళ్ళనూ, ఒక్కొక్కరినీ చేత్తో ఎత్తాలి.

"తీసేస్తె ఏమైతది సార్? జాగ సాఫైతది. సాఫైన జాగల యుద్ధం అల్కగ కనవడ్తది," అన్నాడు. పటాలంలో తాను చూసిన సంగతులు ఆయన ఎన్నడూ చెప్పలేదు. నేను అడగలేదు.

విజయనగరం ఎప్పుడూ ఆయనదే. ఎప్పుడూ ఓడేది. మధ్యలో ముసలి సేనాధిపతి పల్లకీ ఉంటుంది. అది శత్రువు చేతికి చిక్కితే సైన్యం మొత్తం పాచికల పరీక్షకు నిలబడాలి. పల్లకీని వెనక్కి జరుపుకోవచ్చు కదా అని నేను చాలాసార్లు అన్నాను. చరిత్రలో జరగలేదు కనుక జరపనన్నాడు. అలా ప్రతిసారీ ఓడి, ప్రతిసారీ తానే అందరినీ ఏరి, డబ్బాల్లో సర్దుకునేవాడు.

చెయ్యి పడిపోయే ముందు సూచనలు లేకపోలేదు. ఏడాదికి పైగా కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తూ పోతూ ఉండేది. ఊరి వైద్యుడు గ్యాసని సూదులు వేశాడు. ముఖం పాలిపోయింది. వయసని అందరమూ అనుకున్నాం. మణికట్టు వేలాడాక యాప్రాల్ వైపు ఒక వైద్యుడు మెడ ఎముకల మధ్య నరం నలిగిందని మెడకు పట్టీ వేయించాడు. ఆ పట్టీతోనే ఆయన ఎడమచేత్తో రంగులు వేయడం నేర్చుకోసాగాడు. కుంచె మాత్రం నోట్లోకి వెళుతూనే ఉంది. అప్పటికి ఎడమ మణికట్టు కూడా బరువెక్కుతోంది. దాన్ని కూడా పోగొట్టుకుంటే ఆయన అన్నం ముద్ద తానుగా తినలేడు. ఆ మాట అక్క నాతో వాళ్ళింటి గేటు దగ్గర చెప్పింది.

చివరకు నగరంలో నరాల వైద్యుడి దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన నడివయసు మనిషి, తొందరపడని మనిషి. హవల్దార్ సాబ్‌ను నోరు తెరవమని, దంతాల మొదట్లో చిగుళ్ళమీద నల్లని సన్నగీత చూసి, చాలాసేపు టార్చి అక్కడే ఉంచాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. బ్యాటరీల పని చేస్తారా? పెయింటరా? అచ్చు అక్షరాల ప్రెస్సులో ఉండేవారా?

"లే సార్. రిటైర్ అయిన. గేటుకాడ కూసుంట, గంతే," అన్నాడు హవల్దార్ సాబ్.

అది అబద్ధమని నేను ఈనాటికీ నిశ్చయంగా చెప్పలేను. వైద్యుడు అడిగింది పనుల గురించి. బొమ్మలు హవల్దార్ సాబ్ లెక్కలో పని కాదు. కానీ ఆ జవాబు చెబుతూ నావైపు ఒకసారి చూశాడు. కవాతులో పక్కవాడికి కదలవద్దని చేసే సైగ లాంటి చూపు అది. నేను నోరు తెరిచేలోపే అక్క కొంగుముడి విప్పి, లోపలున్నది తీసి వైద్యుడి బల్లమీద నిలబెట్టింది. పల్లకీ మోసే బోయీ. నడుమున పసుపు దట్టీ, కనుబొమ్మలతో సహా.

"గిసుంటియి ఇంటినిండ ఉన్నయి సారూ. సీసం కరిగిచ్చి పోస్తడు. గా కుంచె నాకి నాకి రంగులేస్తడు. నేను సెప్పొద్దనుకున్న. ఇగ సెయ్యే పోతాంటె ఏం దాసుకుంట?"

వైద్యుడు బొమ్మను ఒక కాగితంతో పట్టుకుని ఎత్తాడు. బాగా చేశారు అన్నాడు ముందు. తర్వాత చెప్పవలసింది చెప్పాడు. పొగలో సీసం, పొడిలో సీసం, ఆ ఎర్ర ప్రైమరులో సీసం, కుంచెమొనలో సీసం. ఒంట్లోంచి దాన్ని లాగే మందు ఉంది. అయితే ఒకవైపు మందు లాగుతూ ఉంటే మరోవైపు ఇల్లు పోస్తూ ఉండకూడదు. బొమ్మలు ఇంట్లోంచి పోవాలి. పాతిపెట్టకూడదు, బోరునీళ్ళలోకి దిగుతుంది. ఇప్పుడే ఆపితే ఎడమచెయ్యి దక్కుతుంది. కుడిచేతి గురించి ఆయన ఏ హామీ ఇవ్వలేదు.

తిరుగు బస్సు అల్వాల్ దాటింది. హవల్దార్ సాబ్ ఆఖరుగా ఒక్క ఆట ఆడనియ్యమన్నాడు, నాతో కాదు, అక్కతో. ఆమె ఆలోచించి, ముట్టుకోకుండా ఆడగలిగితే సరేనంది.

అన్న మాటను అమలు చేసే పద్ధతి కూడా ఆమెదే. తర్వాతి ఆదివారం నేను వెళ్ళేసరికి వెనకగదిలో బల్లకు ఇవతల నేలమీద ముగ్గుపిండితో అడ్డంగా ఒక గీత గీసి ఉంది. గీతకు అవతల బల్ల, బొమ్మలు, రబ్బరు చేతొడుగులతో నేను. ఇవతల కుర్చీలో హవల్దార్ సాబ్, ఒళ్ళో కుడిచెయ్యి. కిటికీ బార్లా తెరిచి ఉంది. ఆ కిటికీ తెరిచి ఉండగా ఆ గదిని నేను చూడటం అదే మొదలు. వెలుతురులో అలమర అరల అంచుల మీద బూడిదరంగు పొడి సన్నగా కనిపించింది.

ఆయన మాటతో చెప్పేవాడు. నేను స్కేలుతో కొలిచి జరిపేవాణ్ణి, రెండు పక్షాలకూ పాచికలు వేసేవాణ్ణి. సుల్తానుల ఫిరంగులు నడుమ వరుసను తినేస్తూ వచ్చాయి. పడినవాళ్ళు పడినచోటే ఉన్నారు. బల్ల మధ్యభాగం నిండింది. అప్పుడు ఆయన కుర్చీలో ముందుకు వంగి, పాదం గీత మీదికి రాబోయి ఆగి, అన్నాడు:

"పల్లకీని ఎనుకకు జరుపున్రి సార్."

అన్నేళ్ళలో ఆ ఆజ్ఞ ఎన్నడూ రాలేదు. అయితే దానికి నియమం ఉంది. మొదటి ఏడాదే ఆయన పట్టుబట్టి నాచేత రాయించినది: పల్లకీ వెనుదిరిగితే దాన్ని చూడగలిగిన ప్రతి పటాలమూ పాచికల పరీక్షకు నిలబడాలి. నేను గుర్తు చేశాను. తెలుసన్నాడు. జరిపాను. కుడి పార్శ్వం విరిగింది. దాన్ని చూసి నడుమ వరుస విరిగింది. ఎడమన గుర్రాలు మాత్రం కాసేపు నిలిచాయి. పల్లకీ బల్ల అంచుకు చేరి క్షేమంగా బయటపడేసరికి దాని వెనక సైన్యం లేదు.

"ఎనుకకు పోతె గిట్లైతదని నాకెర్కె," అన్నాడు హవల్దార్ సాబ్. "బతికి బయటవడ్డోడు ఎట్లుంటడో ఒక్కసారి సూద్దామనుకున్న."

ఓడినవాడే ఏరాలి. ఆయన కుర్చీలోంచి లేచి, గీత దగ్గర నిలబడి, తన చేతివైపు చూసుకున్నాడు. నేను బల్లవైపు వంగబోతే అక్క నన్ను ఆపింది. రెండు పాలిథిన్ సంచులు చేతులకు తొడుక్కుని, ఒక్కొక్కడినీ ఎత్తి, ఆయనకు చూపించి, వీడెక్కడివాడని అడిగింది. విలుకాడు, పైడబ్బా. ఫిరంగివాడు, కింది డబ్బా. గుర్రపువాడు, గుర్రంతోనే. చివరన ఆమె పల్లకీని చూపింది. ఆయన తల అడ్డంగా ఊపి, "అందరితోనే," అన్నాడు.

మరునాడు డబ్బాలను స్కూటర్ మీద పెట్టుకుని మేడ్చల్ హైవే పక్కన అదే బ్యాటరీ షెడ్డుకు తీసుకువెళ్ళాను. షెడ్డువాడు బీడీ పెదవులమీద ఉంచుకుని, ఉత్తచేతులతో పలకలు విరుస్తున్నాడు. సీసం ఏం చేస్తుందో చెప్పాను. మాకలవాటే సార్ అని డబ్బా మూత తీశాడు. ఒక ఏనుగును, తర్వాత పల్లకీని తీసి వెలుతురులో తిప్పి చూశాడు. అతని మొహం మారింది.

"గివి దేవుళ్ళా సార్? దేవుళ్ళైతె నేను కరగవెట్ట. వాపస్ కొంచవోన్రి."

కాదన్నాను. సిపాయిలు అన్నాను.

"సిపాయిలా? గట్లైతె ఏం గాదు," అని డబ్బాను తలకిందులు చేసి తక్కెట్లో గుమ్మరించాడు. పోతలో నేను మెచ్చుకున్న కత్తి అంచులు ఒకదానికొకటి తగిలి వంగాయి. ఆంటిమొని కలిసినా సీసం మెత్తనే. కింద పడినప్పుడు పెద్దగా చప్పుడు కూడా చేయదు.

సాయంత్రం శామీర్‌పేట వెళ్ళేసరికి వెనకగది కడిగి ఉంది, కిటికీ తెరిచే ఉంది. షెడ్డువాడు ఏమన్నాడని హవల్దార్ సాబ్ అడిగాడు. దేవుళ్ళా అని అడిగాడని చెప్పాను.

"మీరేమన్నరు?"

సిపాయిలన్నానని చెప్పాను.

"మంచిగ జెప్పిన్రు," అన్నాడు. అక్క టీ తెచ్చింది. ఆయన ఎడమచేత్తో కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టి, ఒళ్ళోంచి ఎత్తి, పక్కన పీటమీద వెల్లకిలా పెట్టాడు. తర్వాత ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు.