కుర్చీలు లోపల పెట్టుకోండి

మొన్న మా అక్క కూతురు నాకు కొత్త ఫోను కొనిచ్చి, పాత ఫోనులో ఉన్నవన్నీ అందులోకి మారుస్తూ, వాతావరణం చూపించే చోట సింగపూర్ కింద ఇంకో ఊరు ఉండడం చూసింది. అమెరికా నైరుతి మూలన ఎడారిలో ఉన్న ఊరు అది. "పిన్నీ, ఈ ప్లేస్‌కి నువ్వు ఎప్పుడూ వెళ్లను కూడా లేదు కదా, డిలీట్ చేసేస్తా లా" అంటూ, సింగపూర్ పిల్లలందరిలాగే మాట చివర "లా" తగిలించి, వేలు పెట్టబోయింది. నేను ఫోను లాక్కున్నాను. లాక్కున్నందుకు అది మూతి ముడుచుకుంది, అడగకుండా తీసెయ్యబోయినందుకు నేనూ ముడుచుకున్నాను, అది పని సగంలో వదిలేసి వెళ్లిపోయింది. చిన్న విషయమే అని మీరు అనవచ్చు. నాకు చిన్న విషయాలే ఎక్కువ గుర్తుంటాయి.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. క్లయింటు వివరాలు బయట చెప్పనని ఉద్యోగంలో చేరిన రోజున కాగితం మీద సంతకం పెట్టాను. ఆ కంపెనీ లేకుండా పోయి ఎన్నేళ్లయినా సంతకం నాదే కదా.

అప్పుడు ఐటీ ఉద్యోగాలంటే ఊళ్లకు ఊళ్లు కదిలిన రోజులు. కోర్సు సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని విమానమెక్కిన నా ఈడు వాళ్లకు ఆ హడావుడి వేరే చెప్పనక్కరలేదు. నేను కాకినాడలో జావా నేర్చుకుని సింగపూర్ వచ్చాను, ఇంటర్వ్యూలో అడిగిందీ జావాయే, తీరా చేరాక నన్ను కూర్చోబెట్టింది మాత్రం అమెరికాలోని చిన్న ఊళ్ల టీవీ చానళ్లకు వెబ్‌సైట్లు నడిపే విభాగంలో. నాకు ఆ ఎడారి ఊరి స్థానిక వార్తలు, వాతావరణం పేజీ ఇచ్చారు. అక్కడి వాళ్లు పంపిన వార్తలు ఎక్కించడం, వాతావరణ కార్యాలయం వాళ్ల అంకెలు చూసి పేజీ పైన ఒక వాక్యం సొంత మాటల్లో రాయడం, ఇదీ పని. వీసా కాగితంలో ప్రోగ్రామరునని ఉంది, చేసేది టైపింగు. దీని మీద మా టీమ్ లీడరుకు మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ జవాబు లేదు. వాటి నకళ్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

ఊరికి తూర్పువైపున ఉన్న బెడోక్‌లో ఒక ఆంటీ ఫ్లాటులో గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడది తాతగారి నాడే ఆంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆవిడ తెలుగులో సగం అరవం, పావు మలయ్ ఉండేది. భర్త పోయాడు, పిల్లలు వేరే ఫ్లాట్లలో ఉన్నారు. ఫ్రిజ్‌లో నాకిచ్చిన అరకు నా పేరు రాసిన చీటీ అంటించింది, తెలుగువాళ్లింట్లో కూడా చీటీయేనా అని మొదటి వారమంతా నేను బాధపడ్డాను.

ఆఫీసుకు ఉదయం ఏడింటికల్లా చేరాలి. నా గురువారం ఉదయం ఏడంటే అక్కడ బుధవారం సాయంత్రం నాలుగు. రోజంతా నిన్నలో పని చేసి, ఇవాళ్టికి రైలెక్కి ఇంటికి వచ్చేదాన్ని. ఆఫీసులో ముప్పై మంది ఉండేవారు, మగపిల్లలంతా కలిసి మధ్యాహ్నం తిండికొట్లుండే హాకర్ సెంటరుకు పోయేవారు, నన్ను ఒక్కసారి పిలిచారు, నేను శాకాహారినని చెప్పాక మళ్లీ పిలవలేదు. ఆదివారం లిటిల్ ఇండియాకు వెళ్లి గోంగూర కట్ట కొనుక్కుని, జనంలో ఎక్కడో వినబడ్డ తెలుగు మాట వెనకాల నాలుగడుగులు వేసి, ఏమని పలకరించాలో తెలియక బస్సెక్కి వచ్చేసేదాన్ని. మాట్లాడకుండా రెండు రోజులు గడిస్తే గొంతు బొంగురుపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఊరి వార్తలు మాత్రం నాకు మెల్లగా అలవాటయ్యాయి. నీళ్ల గొట్టం పగిలిన వీధి, తప్పిపోయి దొరికిన గోధుమరంగు కుక్క, బడి పైకప్పు మరమ్మతుకు ఒప్పుకోని సభ్యులు. మా కాకినాడలో ఏం జరుగుతోందో వారానికొక ఫోనుకు తెలిస్తే, చూడని ఊళ్లో కుక్క ఎక్కడ దొరికిందో గంటలో తెలిసేది.

మార్చి వచ్చింది. ఒక ఉదయం అంకెల్లో పడమటి గాలి సాయంత్రానికి బాగా పెరుగుతుందని ఉంది. నేను పుట్టి పెరిగింది సముద్రం ఒడ్డున. మా ఇంట్లో ఎండాకాలం సాయంత్రం గాలి తిరిగిందంటే అమ్మ డాబా మీద నీళ్లు చల్లి చాపలు పరిచేది, నాన్న మడత కుర్చీ వేసుకునేవారు, రోజంతా ఉడికిన ఇల్లు అప్పుడు ఊపిరి తీసుకునేది. ఇక్కడ చూస్తే ఆకు కదలదు. ఎక్కడైనా ఎండదేశంలో గాలి అంటే అదృష్టమే కదా అనుకున్నాను. పేజీ పైన, "ఈ సాయంత్రం చక్కని గాలి. ఆరుబయట కూర్చుని ఆనందించండి" అని రాశాను. రాసి సంతోషించాను కూడా.

ఎడారిలో వసంతపు గాలి అంటే దుమ్ము. ముందున్న కారు కనబడనంత దుమ్ము, మూసేసిన హైవే, లేచిపోయిన రేకులు. నాకు ఎవరు చెప్పారు? పదకొండింటికి పాఠకుల ఉత్తరాల పెట్టెలోకి ఒక మెయిలు వచ్చింది. రాసినావిడ ఆ ఊళ్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ. ఇన్నేళ్లుగా ఈ ఎడారిలో ఉంటున్నాను, అయినా వార్తలవాళ్లకు నాకంటే ఎక్కువ తెలుసునని నమ్మి, స్వయంగా రంగేసుకున్న ఆకుపచ్చ కుర్చీ పెరట్లో వేసుకున్నాను, అది ఇప్పుడు పక్కవాళ్ల పెరట్లో ఉంది, వాళ్లు నాతో మాట్లాడరు కాబట్టి తిరిగి రాదు, ఈ వాక్యం రాసిన మనిషి ఒకసారి వచ్చి మా ఇంట్లో ఆరుబయట కూర్చుంటే బాగుంటుంది, నేలమీద, అని రాసింది.

టీమ్ లీడరు తెలుగువాడే, హైదరాబాదు. పక్కకు పిలిచి చెప్పి ఉండవచ్చు. భోజనాలయ్యాక అందరి మధ్యా నిలబడి ఆ మెయిలు మొత్తం చదివి, "ఏంటండీ మేడమ్, అక్కడ దుమ్ములేచి రోడ్లు బంద్ అయితుంటే మీరు డాబా మీద చాపలేసుకోమంటున్నరా?" అన్నాడు. ముప్పై మందీ నవ్వారు. ఆనాటి నుంచి నా పేరు పైరగాలి మేడమ్. కాఫీ కలుపుకుంటుంటే, "పైరగాలి మేడమ్, ఏసీ కొంచెం తగ్గించాల్నా?" అనేవాళ్లు. నవ్విన వాళ్లలో ఎవరెక్కడ కూర్చునేవారో ఇప్పుడు అడిగినా గీసి చూపిస్తాను.

పాఠకులకు జవాబు రాయకూడదని మాకు నియమం. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అనే ఒక్క వాక్యం దానంతటదే పోయేది. కుర్చీ పోయిన మనిషికి ఆ వాక్యమే అందింది. ఆ రోజే ఒకటి నిశ్చయించుకున్నాను. ఈవిడ చేత ఒక్కసారైనా బాగుందని అనిపించుకోవాలి. ఆఫీసులో ఎవరూ అనకపోయినా ఫరవాలేదు, ఈవిడ అనాలి.

పాత వార్తలన్నీ తిరగేశాను. ఏ గాలికి ఏ దిక్కు నుంచి దుమ్ము లేస్తుందో, ముందుగా ఏ రోడ్డు మూస్తారో, ఏ వాడలో కంచెలు పడతాయో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. గాలి లేచే రోజున ఆ విషయాలన్నీ చెప్పి, చివర "కుర్చీలు లోపల పెట్టుకోండి" అని కలిపేదాన్ని. ఆవిడ మెయిళ్లు వారానికి రెండు మూడు వచ్చేవి. చెత్తబండి ఆలస్యం గురించి, మా పేజీలో తప్పు పడ్డ వీధిపేరు గురించి, గాలి లేచినప్పుడల్లా ఆ కుర్చీ గురించి. ఒక్కదానిలోనూ మెచ్చుకోలు లేదు. నాకు మాత్రం సొంతమనిషి ఉత్తరంలా ఉండేవి. మనసులో పెట్టుకున్నదాన్ని తేదీతో సహా దాచుకునే మనిషి ఇంకొకరు ఉన్నారని.

ఇంటికి రాగానే ఆంటీ, "మకాన్ అయ్యిందా అమ్మా?" అని మలయ్ మాటతో భోజనం సంగతి అడిగి, వెంటనే, "ఆ కుర్చీ దొరికిందా?" అనేది. దొరకలేదంటే, "ఆ పక్కింటోడు దొంగ లా! పోలీసుకి రాయమను ఆమెని" అని నాకంటే ఎక్కువ కోప్పడేది. ఫ్రిజ్‌లో చీటీని అప్పటికి నేను మరచిపోలేదు గాని, దాని గురించి ఆలోచించడం తగ్గించాను.

రెండో వసంతం చివర ఒక మెయిలు వచ్చింది. "ఇన్నాళ్లకు మీకు బుద్ధి వచ్చి ఈ ఊళ్లో ఉండే మనిషినెవరినో పనిలో పెట్టుకున్నారు. చాలా ఆలస్యం చేశారు. ఎవరో గాని గాలి సంగతి, కుర్చీల సంగతి తెలిసిన మనిషి." నాలుగైదుసార్లు చదివాను. ఆ ఊళ్లో ఉండే మనిషి! నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. బయట ఒక్క ఆకు కదలడం లేదు. టీమ్ లీడరు ఆ మెయిలును మా టీము కృషి అని రాసి పైవాళ్లకు పంపుకున్నాడు, నా పేరు లేదు. ఆంటీతో చెబితే, "అది నువ్వే అని ఆ పెద్దమ్మకి చెప్పలేదా? బోడో!" అని, మొద్దూ అనే అర్థంలో మలయ్‌లో తిట్టి, పెరుగన్నం కలిపి పెట్టింది.

తరువాతి మార్చికి ఐటీ గాలి ఆగిపోయింది. ఒక ఉదయం వచ్చేసరికి ఆ పేజీలన్నీ వేరే దేశానికి పోతున్నాయని, అందరికీ ఇవాళే ఆఖరని చెప్పారు. ముప్పై మందీ అట్టపెట్టెలు సర్దుకుంటున్నారు. ఆ ఊళ్లో ఆ సాయంత్రం పెద్ద గాలి. నేను కూర్చుని, ఎప్పటిలాగే రోడ్లు, కంచెలు అన్నీ రాసి, కింద ఇలా కలిపాను: "సవరణ. రెండేళ్ల కిందట ఈ పేజీలో, చక్కని గాలి, ఆరుబయట కూర్చోండి అని వచ్చింది. అది తప్పు. రాసిన మనిషి ఎన్నడూ ఈ ఊరు చూడలేదు. ఆకుపచ్చ కుర్చీకి ఆమె చింతిస్తోంది. కుర్చీలు లోపల పెట్టుకోండి." టీమ్ లీడరు నా వెనక ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో తెలియదు. తెర మీద ఉన్నది మొత్తం చదివాడు. తీసెయ్యమనలేదు. తన అట్టపెట్టె దగ్గరికి వెళ్లిపోయాడు. దాన్నే క్షమాపణ అనుకోవే అని మా అక్క ఇప్పటికీ చెబుతుంది. నేను అనుకోలేదు.

మధ్యాహ్నానికి మా లాగిన్లు మూసేశారు. ఉత్తరాల పెట్టె మళ్లీ తెరవలేకపోయాను. ఆవిడ చదివిందో లేదో, చదివి ఇంకో ఫిర్యాదు రాసిందో నాకు తెలియదు. మూడు వారాలకు వేరేచోట ఉద్యోగం దొరికింది, జావాలోనే.

ఆంటీ పోయి చాలాకాలమైంది. ఎడారి ఊరి పెద్దావిడ కూడా ఉండే వయసు కాదు. కుర్చీ తిరిగి వచ్చి ఉండదు. ఇప్పుడు ఈ ఫోనులో ఆ ఊరి గాలి వేగం ఏ గంటకాగంట అంకెల్లో కనబడుతుంది, ఎక్కడా తప్పుండదు. ఒకరోజు అంకె తప్పినట్టు అనిపించి, ఎవరికి రాయాలా అని కింది దాకా జరిపి వెతికాను. రాయడానికి చోటే లేదు. ఇవాళ అక్కడ పడమటి గాలి బాగా పెరుగుతుందట. ఆ మాట ఎవరితోనైనా అనాలనిపించి మా అక్క కూతురికి ఫోను చేశాను. ఎత్తలేదు, మొన్నటి కోపం ఇంకా పోలేదు కాబోలు. ఆ విషయంలో మాత్రం అచ్చంగా నా పోలికే.