మావగారికి కాచిన నీళ్లు

మా కాలంలో డిగ్రీ చేతికొచ్చిన కుర్రాడికి లోకంలో తెలియనిదంటూ ఉండేది కాదు. నాకైతే అసలే ఉండేది కాదు. చోడవరంలో గుమాస్తాగా చేరి ఒంటిగది అద్దెకు తీసుకున్న కొత్తలో, దేవరాపల్లి నుంచి మావగారు వస్తున్నట్టు కబురొచ్చింది. పెళ్లయి నెలలు గడుస్తున్నా, "ఇల్లూ వాకిలీ సూసేకే గుంటని అంపుతాను" అని కూతుర్ని పంపకుండా ఆయన పట్టుబట్టి కూర్చున్నారు. అంటే నా కాపురం ఆ ఒక్క రాకడ మీదే ఉందన్నమాట.

ధనుర్మాసం చలి. ఆయనకు వేన్నీళ్లతో తలంటు ఏర్పాటు చేయాలని కొత్తగా కరెంటు హీటరు కొన్నాను. పెరట్లో అడుగున కుళాయి ఉన్న పొడవాటి నీళ్ల డ్రమ్ము ఉండేది. హీటరేమో పొట్టిది, డ్రమ్ము పై అంచుకు తగిలించాను. కాసేపటికి పొగలు లేచాయి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి (అన్నీ పద్ధతిగా చేసే మనిషిని), వేలు ముంచి చూస్తే సరిగ్గా ఒంటికి హాయిగా ఉండే వేడి. "బకెట్టు బకెట్టూ పోసేసుకోవచ్చండీ" అని భరోసా ఇచ్చాను.

ఒంటినిండా నూనె పట్టించిన మావగారు ఆ పొగలు చూసి మురిసిపోయి, కుళాయి తిప్పి బకెట్టు నింపి, అమాంతం నెత్తిన కుమ్మరించుకున్నారు.

"ఓలమ్మో! సచ్చిపోనాను!"

ఆ కేకకు గోడవతల ఇంటావిడ కాఫీ గ్లాసుతో సహా పరుగెత్తుకొచ్చింది. నేను పరుగున వెళ్లాను. డ్రమ్ములో చెయ్యి పెడితే వెచ్చన. కుళాయి కింద పెడితే మంచు!

"నీల్లేటి బాబూ, ఇలగున్నాయి?" మావగారి పళ్లు టకటకలాడుతున్నాయి.

"పైన కాగేయండీ..."

"పైన కాగితే నాకేటి లాబం? మీరేటి సదివేరు?"

"బీఎస్సీ అండీ."

"అందులో ఏటి?"

"ఫిజిక్సండీ."

ఆయన వణుకు ఒక్క క్షణం ఆగింది.

అప్పుడు వెలిగింది నాకు. కాగిన నీరు తేలికై పైకి పోతుంది, చల్లనిది అడుగుకు దిగుతుంది. అందుకే అడుగున సెగ పెడితే నీరంతా కిందా మీదా తిరుగుతూ కాగుతుంది. పైన పెడితే వేడి పైనే తిష్ఠ వేస్తుంది, అడుగున నీరు కదలనే కదలదు. ఇదే సంగతి పరీక్షలో బొమ్మ గీసి మరీ రాసినవాణ్ణి!

ఇక నా కాపురం ముగిసినట్టే అనుకున్నాను. ఆయన సంచి సర్దుకుంటూ అన్న మాట బకెట్టు నీళ్లకన్నా పెద్ద దెబ్బ కొట్టింది.

"మిమ్మల్నిలగ ఒంటిగా ఒగ్గేత్తే బతకరు బాబూ. ఈ ఆదోరమే గుంటని తెచ్చి దింపేత్తాను."

అన్నట్టే దింపారు. ఆ గుంట ఇన్నేళ్లూ నన్ను నీళ్ల దగ్గరికి రానివ్వలేదు. ఈమధ్య ఆవిడకు మోకాళ్ల నొప్పులు ముదిరి, నేనే తోడి పెట్టాల్సి వస్తోంది. ఆవిడ మాత్రం బకెట్లో మోచేతిదాకా ముంచి, అడుగు తడిమి చూసుకుని గానీ చెంబు ముట్టదు. నేను గుమ్మం దగ్గర తువ్వాలు పట్టుకుని, పాసయ్యానో లేదో అని నిలబడి ఉంటాను.