ఇద్దరిదీ ఒకటే వారం

మా కొండల్లో పాతకాలం వాళ్ళకి పేరు వెతుక్కునే బెంగ లేదు. ఏ వారం పుడితే ఆ వారమే పేరు. నాన్న, చిన్నాన్న ఇద్దరూ ఒకే వారం పుట్టారు, ఇద్దరికీ అదే పేరు. ఊళ్ళో పెద్దోడు, చిన్నోడు అంటే సరిపోయేది. ఆధార్ కార్డులు తీసినవాళ్ళు మాత్రం ఆ పెద్దా చిన్నా రాయలేదు. ఇంటిపేరూ ఒకటే, తాత పేరూ ఒకటే. ఏనాడూ గొడవ రాలేదు గనక మేమూ పట్టించుకోలేదు.

నాన్న మొన్న వానల్లో పోయాడు. జ్వరమొస్తే డోలీ కట్టి మోసుకెళ్ళారు. రోడ్డు ఇంకా కనబడనే లేదు, దారిలోనే ఊపిరి ఆగిపోయింది. నేనప్పుడు అరకులో ఒక హోటల్లో పనిలో ఉన్నాను. నేనొచ్చేసరికి మట్టి కప్పడం అయిపోయింది. తర్వాత చిన్నాన్నే సచివాలయానికెళ్ళి చావు రాయించేశాడు. ఇక బ్యాంకు వాళ్ళకీ, కాఫీ తోట పట్టా మార్చేవాళ్ళకీ మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. జెరాక్సులు పనికిరావట, సీలూ సంతకమూ ఉన్న కాపీలే తెమ్మన్నారు.

సంత రోజు చూసుకుని చిన్నాన్నా నేనూ జీపెక్కి ముంచింగిపుట్టులో దిగాం. కాపీలు తీసుకుని అట్నుంచి అటే పాడేరు ఆస్పత్రికి పోవాలి. చిన్నాన్నకి పొత్తికడుపు కింద పేగు జారి గడ్డలా దిగింది. ఇంకా ఆలస్యం చేస్తే పేగు మెలిపడి ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు. ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే, ఆరోగ్య కార్డు మీద. దారిలో గుంత వచ్చినప్పుడల్లా ఆయన పొట్ట పట్టుకుంటుంటే నా ప్రాణం పోయినంత పనైంది. ఒక మనిషిని దారిలో పోగొట్టుకున్నాం కదా.

“బేగి అయిపోద్దా గుంటా?” అన్నాడు సచివాలయం మెట్ల దగ్గర. ఎంత పెద్దదాన్నైనా ఆయనకి నేను గుంటనే.

“కాగితాలే కదా, ఎంతసేపు” అన్నాను.

నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. కంప్యూటర్ ముందున్న మేడమ్ కాపీలు తీసి సీళ్ళు కొట్టి చేతికిచ్చింది. నాకు ప్రతి కాగితం చదివే జబ్బు. పేరు సరిగ్గానే ఉంది. ఊరు సరిగ్గానే ఉంది. ఆ కింద ఆధార్ చివరి అంకెలు రెండుసార్లు చదివాను. ఆపరేషన్ కోసం ముందురోజు ఫోన్లో కొట్టింది ఆ అంకెలే. అవి నాన్నవి కావు, చిన్నాన్నవి.

“చిన్నాన్నా, ఆవేళ ఎవరి కార్డు ఇచ్చావు?”

“నాదే. ఎల్లింది నేను కదేటి” అన్నాడు. “మీ అయ్య కార్డు ఎక్కడున్నాది? ఆడి సామానంతా ఆడితోనే పెట్టీసినాం. గొడ్డలి, దుప్పటి, కార్డు, అన్నీ.”

మా దగ్గర అంతే. పోయినవాళ్ళ వస్తువులు ఇంట్లో ఉంచుకోం. పేరు అడిగితే పేరు చెప్పాడు, కార్డు అడిగితే తన జేబులోది తీసిచ్చాడు. తన చావు తనే రాయించుకున్నాడు, పిచ్చి మారాజు.

మేడమ్‌కి చెప్తే ఆవిడ మొహం కూడా మారిపోయింది. “ఇది పైకి వెళ్తే రేషన్ కార్డులోంచి పేరు లేచిపోతుంది. దాంతో పాటు ఆరోగ్య కార్డూ పనిచేయదు. ఈయన ఈయనేనని రుజువు కావాలి.”

భయమేస్తే నాకు నోరు లేస్తుంది. “ఎదురుగా నిలబడ్డ మనిషి కనబడ్డం లేదా మేడమ్? చచ్చినోడు జీపెక్కి వస్తాడా?” అని అరిచేశాను. వరసలో వాళ్ళంతా తిరిగి చూశారు. ఆవిడ వేలిముద్ర మిషన్ ముందుకి తోసింది.

చిన్నాన్న బొటనవేలు పెట్టాడు. పడలేదు. తుడిచి పెట్టమంది, పడలేదు. తడిచేసి పెట్టమంది, అయినా పడలేదు. పారపట్టీ, కొండ తవ్వీ ఆ వేలు ఎప్పుడో నున్నగా అరిగిపోయింది. పెట్టిన ప్రతిసారీ ఎర్ర లైటే వచ్చింది.

అప్పటిదాకా నవ్వుతూ ఉన్నవాడు వేలు వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. “నా ఏలు కూడా నేను నేను కానంటన్నాదే” అన్నాడు మెల్లిగా. మా వాళ్ళలో అలాంటి మాట మనసులో పడితే మనిషి మంచం పట్టేస్తాడు. కళ్ళారా చూశాను. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆఖరికి కంటి మిషన్ తెచ్చారు. “రెప్ప వేయకుండా చూడు తాతా” అందావిడ. భయానికి నీళ్ళు కారుతున్నా చిన్నాన్న కళ్ళు అలాగే విప్పి ఉంచాడు. పచ్చ లైటు వెలిగింది.

మేడమ్ వెంటనే ఎవరికో ఫోన్ చేసింది. రాసింది ఇంకా పైకి వెళ్ళలేదు, ఆపించింది. ఆపరేషన్‌కి అడ్డు లేదంది. దేవతలందరికీ మొక్కేశాను, ఏ దేవతకి ఏం మొక్కానో కూడా గుర్తులేదు.

“సరే, ఈయన ఉన్నాడు” అంది ఆవిడ, కీబోర్డు మీద చెయ్యి పెట్టి. “మరి చనిపోయిందెవరు? మీ నోటితో చెప్పండి, మార్చి రాస్తాను.”

చిన్నాన్న నా వైపు చూశాడు. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ ఆ కంప్యూటర్లో నాన్న బతికే ఉన్నాడు. పొద్దుట్నుంచీ సర్టిఫికెట్ అన్నాను, కాపీలు అన్నాను, సీలు అన్నాను. ఆ ఒక్క మాటే అనలేదు.

“మా నాన్న” అన్నాను. “మా నాన్న చచ్చిపోయాడు.”

ఆవిడ టైపు చేస్తోంది. చిన్నాన్న ఒక చేత్తో పొట్ట, ఇంకో చేత్తో నన్నూ పట్టుకుని నిలబడ్డాడు.