మస్తానయ్య బిగించిన ఇత్తడి బందులు

మస్తానయ్య చెక్కపని నేర్పే మేస్త్రీగా కోట దగ్గరి హైస్కూల్లో చేరినప్పటి నుంచీ ఆయనకు ఊళ్లో ఒక మర్యాద ఉండేది. యుద్ధకాలంలో మద్రాసు పక్కన విమానాల షెడ్డులో పనిచేసి వచ్చినవాడని. అడిగినవాళ్లకు రెక్కలు ఎలా అతికేదీ, తోకలు ఎలా బిగించేదీ కళ్లకు కట్టినట్టు చెప్పేవాడు. నిజానికి ఆ షెడ్డులో ఆయన చేసింది విడిభాగాలు పంపే పెట్టెలకు మేకులు కొట్టడం. విమానాన్ని చేత్తో ముట్టుకున్నది లేదు. మొదట ఎవరో పొరపాటుపడితే ఆయన దిద్దలేదు. ఆ తర్వాత దిద్దడానికి నోరు రాలేదు. ఇల్లాలు మాలకొండమ్మకు కూడా తెలిసింది ఆ కథే.

అరవై ఒకటిలో సైన్సు అయ్యవారు చెంచురామయ్య గారు మద్రాసు వెళ్లి ఒక బుల్లి ఇంజనూ, బెండులాంటి తేలిక చెక్కా తెచ్చారు. బారెడు రెక్కలున్న నమూనా విమానం చేసి స్కూలు వార్షికోత్సవంలో ఎగరేయాలని ఆయన ముచ్చట. అది తీగల విమానం. నడుమ నిలబడ్డ మనిషి చేతిలో పిడి ఉంటుంది. పిడి నుంచి రెండు సన్నటి తీగలు విమానానికి పోతాయి. పిడి పైకి వంచితే తోక అంచున ఆడే చెక్కరెప్ప లేచి విమానం పైకెక్కుతుంది, కిందికి వంచితే దిగుతుంది. మనిషి చుట్టూ అది గుండ్రంగా తిరుగుతుంది. దాని ప్రాణమంతా ఆ రెప్పలోనూ, రెప్పను తోకకు కలిపే బందుల్లోనూ ఉంటుంది.

బందుల దగ్గరే ఇద్దరికీ మాట తేడా వచ్చింది.

"ఇంజనుతో వచ్చిన పుస్తకంలో దారంతో కుడితే చాలంటున్నారు మస్తానయ్యా. ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి, ఎనిమిది అంకె మాదిరి. తేలిగ్గా ఉంటది, బాగా ఆడతది" అన్నారు చెంచురామయ్య గారు.

మిగతా అయ్యవార్లు కూడా చూడవచ్చి చుట్టూ నిలబడి ఉన్నారు. మస్తానయ్య ఉలి కింద పెట్టి నవ్వాడు.

"దారం గుడ్డలు కుట్టుకునేదానికి అయ్యవారూ. విమానానికి ఇత్తడి బందులే. నేను ఎన్ని బిగించినానో లెక్కలేదు."

అందరూ నవ్వారు. చెంచురామయ్య గారూ నవ్వి, "నీకు తెలిసినంత నాకేం తెలుసులే" అన్నారు. నగల పెట్టెలకు వేసే చిన్న ఇత్తడి బందులు తెచ్చి, మస్తానయ్య నున్నగా రుద్ది మెరిపించాడు. మరలు తిప్పుతుంటే ఆ మెత్తటి చెక్కలో అవి వెన్నలోకి దిగినట్టు దిగాయి. పట్టు లేదని చేతికి తెలిసింది. జిగురు పూస్తే సరిపోతుందని తనకు తాను చెప్పుకున్నాడు. తోక బరువెక్కిందని కూడా తెలిసింది. అదీ పైకి అనలేదు.

వార్షికోత్సవం రోజు ఊరి బయట ఎండిన చవుడు నేలమీద జనం చేరారు. చెంచురామయ్య గారు నడుమ నిలబడి పిడి పట్టుకున్నారు. ఇంజను కీచుమని మొదలై, విమానం నేల విడిచి, చుట్టు తిరగడం మొదలుపెట్టింది. పిల్లల కేరింతలు ఇంకా ఆగకముందే ఇంజను అదురుకు తోకలో మరలు చెక్కతో సహా ఊడివచ్చాయి. రెప్ప ఒక పక్క వేలాడి, పైకి ఒరిగి, అలాగే ఇరుక్కుపోయింది. విమానం నిట్టనిలువునా లేచింది. తీగలు వదులైపోయాయి. అది తిరగబడి నేరుగా మనిషిమీదికే వచ్చింది. చెంచురామయ్య గారు ముఖానికి కుడిచెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

విమానం ముక్కున తిరిగే పంకా ఆయన వేళ్లమీద పడింది.

బండి కట్టి ఆస్పత్రికి తీసుకుపోయేలోగా హెడ్మాస్టరు గారు, "ఏమైందయ్యా, పనిలో లోపమా?" అని అడిగారు. మస్తానయ్య చేతిలో ఊడిన తోక ఉంది. పంచె చెంగుతో చెయ్యి చుట్టుకుని కూర్చున్న చెంచురామయ్య గారు ఆ తోకవంక చూశారు. మస్తానయ్య వంక చూశారు.

"గాలి కొట్టింది సార్. నేను పట్టు తప్పినాను" అన్నారు.

మస్తానయ్య ఆ మాటను కాదనలేదు. మరునాడు స్కూలుకు పోలేదు, ఆ మరునాడూ పోలేదు. కడుపులో నొప్పి అన్నాడు. మాలకొండమ్మ ముందు నమ్మింది. తర్వాత కంచం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"అయివోరికి రెండు వేళ్లు ముడుచుకోవంట. ఊరంతా పోయి చూసొచ్చినారు. నువ్వు ఎందుకు పోలేదు?"

మస్తానయ్య అన్నం కలుపుతూ ఆగిపోయాడు. ముందుగా ఆమెకే చెప్పాడు, పెట్టెల సంగతీ, మరల సంగతీ. ఆమె, "నా పుట్టింటోళ్ల దగ్గర గూడా చెప్పుకున్నాను గదా నేను" అని లేచిపోయింది. ఆ మాట ఆయనకు చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది.

ఆ సాయంత్రం పోయేసరికి చెంచురామయ్య గారు తమ ఇంటి వసారాలో మంచంమీద ఉన్నారు. మస్తానయ్య గడప ఇవతలే నిలబడి చెప్పాల్సిందంతా చెప్పాడు. తలెత్తలేదు.

"నాకు విమానాల పని తెలీదు అయ్యవారూ. పెట్టెలు కొట్టినోణ్ణి."

"ముందే చెప్పుంటే ఇద్దరం కలిసి నేర్చుకునేవాళ్లం గదయ్యా" అన్నారాయన. గొంతులో కోపం లేదు, కానీ క్షమించానని కూడా అనలేదు. ఎడంచేత్తో ఆ పుస్తకం అందుకుని, "లోపలికి రా. ఆ దారం కుట్టు ఎట్టా వేస్తారో చదివి చెప్తాను. నా చేతులు పనికిరావు. నువ్వు కుట్టాల" అన్నారు.

అలా మొదలైంది రెండో విమానం. వలలకు అప్పుడప్పుడే వస్తున్న నైలాన్ దారం తెచ్చారు. మస్తానయ్య రెప్ప అంచు గుండ్రంగా రుద్దాడు. రెండు చెక్కల రంధ్రాలూ ఎదురెదురుగా, ఒకే వరసలో పడేట్టు చూసుకున్నాడు. మొదటిసారి జిగురు కుట్టు మధ్యలోకి పాకి రెప్ప కర్రలా బిగుసుకుపోయింది. కోసేసి మళ్లీ కుట్టాడు. ఈసారి రంధ్రాల దగ్గర మాత్రమే బొట్టు పెట్టాడు. తోకను పక్కకు వాలిస్తే రెప్ప తన బరువుకు తానే వాలింది. పట్టి లాగితే కుట్టు వదల్లేదు. తెలియని చోట తెలియదని చెప్పి అడగడం ఆయన నోటికి కొత్తగా ఉండేది.

మరుసటి ఏడు వార్షికోత్సవంలో హెడ్మాస్టరు గారు మైకు దగ్గర, "యుద్ధంలో విమానాలు బాగుచేసిన మన మస్తానయ్య మేస్త్రీ" అని మొదలుపెట్టారు. మస్తానయ్య లేచాడు.

"లేదు సార్. నేను పెట్టెలకు మేకులు కొట్టినాను. పోయినేడు విమానం పడింది నా తప్పువల్ల. అయ్యవారి తప్పు లేదు."

జనంలో ఒకరిద్దరు నవ్వారు. మిగిలినవాళ్లు నవ్వకపోవడం ఆయనకు ఇంకా కష్టమనిపించింది. మాలకొండమ్మ తలవంచుకుని కొంగు సర్దుకుంది. చెంచురామయ్య గారు మాత్రం పిడి తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. తన కుడిచేతి వేళ్లు దాన్ని పట్టలేవు.

విమానం బాగానే ఎగిరింది. దాంతోపాటే గుండ్రంగా తిరిగి తిరిగి మస్తానయ్యకు కళ్లు తిరిగాయి, దించేటప్పుడు దాని ముక్కు నేలకు కొట్టుకుంది. పంకా విరిగింది గానీ తోక చెక్కుచెదరలేదు. చెంచురామయ్య గారు వంగి చూసి, "కుట్టు నిలబడిందయ్యా" అన్నారు.

ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఇంకా విమానాలు చేశారు. సూళ్లూరుపేట దాకా పోయి ఎగరేసి వచ్చారు. మాలకొండమ్మ కొన్నాళ్లకు మామూలుగా మాట్లాడింది. కానీ చెంచురామయ్య గారు ఎడంచేత్తో నల్లబల్లమీద రాయడం నేర్చుకున్నారు. అక్షరాలు వంకరపోయేవి, పిల్లలు అర్థంకాక మళ్లీ అడిగేవాళ్లు. ఆ తరగతి ముందునుంచి పోవలసి వచ్చినప్పుడల్లా మస్తానయ్య చుట్టు తిరిగి, స్కూలు పెరటి వైపునుంచి తన చెక్కపని షెడ్డుకు పోయేవాడు.