కైలాసం కారు, మూడో గేరు

అప్పట్లో కరీంనగర్‌కు రైలు లేదు. కోర్టు పనికైనా, కలెక్టరాఫీసు పనికైనా, పెండ్లి సంబంధం చూడటానికైనా దూరం నుంచి వచ్చేవాళ్ళు పెద్దపల్లి స్టేషన్లో దిగాల్సిందే. అక్కడ దిగిన మనిషి ముందు చూసేది కైలాసం ముఖాన్నే. నెత్తికి ఎర్ర రుమాలు, చెవికి బీడీ, మాట మాత్రం మెత్తన. "యాడికి పోవాలె సారూ?" అని అడిగేవాడు కానీ, మిగతా టాంగావాళ్ళలా సామాను గుంజుకునేవాడు కాదు.

తండ్రి రాజం నిజాం కాలంలో అమీన్లు, గిర్దావర్లు లాంటి సర్కారు అధికార్లను టాంగాలో తిప్పినవాడు. పోలీసు చర్య జరిగిన మరుసటేడు ఆయన మంచం పడితే పగ్గాలు కైలాసం చేతికి వచ్చాయి. తండ్రి అతనికి నేర్పిన పాఠం ఒకటే. "గుర్రం కుంటిందంటే తోలినోని తప్పు బిడ్డా. దానికి నోరు లేదు, చెప్పుకోలేదు. నేనేం జేసిన అని నిన్ను నువ్వే అడుగాలె." కైలాసం ఆ మాటను ఎముకల్లోకి ఎక్కించుకున్నాడు. అతని గుర్రం ఎన్నడూ కుంటలేదు.

రోజులు మారాయి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది, సమితి ఆఫీసులు వచ్చాయి, బస్సులు పెరిగాయి. టాంగాకు స్టేషన్ నుంచి బస్టాండు దాకా ఎక్కేవాళ్ళే మిగిలారు. రామచంద్రం వకీలు అని, పదేండ్లుగా కైలాసం టాంగాయే ఎక్కే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. కారు కావాలంటే పేరు రాయించుకుని ఏండ్ల తరబడి ఎదురుచూడాల్సిన కాలమది. అలా రాయించుకున్న వకీలు వంతు వచ్చేసరికి ఆయన కంటిచూపు మందగించింది. "నేను తోలేదేమున్నది, నువ్వు తీస్కో కైలాసం, నీ కారే ఎక్కుత" అన్నాడు. కైలాసం ఊరవతలి చెలక భూమి అమ్మాడు. భార్య శంకరవ్వ తన కడియాలు తీసి ముందు పెట్టింది. గుర్రాన్నీ టాంగానూ బావమరిది ముత్యానికి అప్పగించి, ఒక బస్సు డ్రైవరు దగ్గర తోలడం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకున్నాడు. కరీంనగర్లో కొత్తగా తెరిచిన కార్ల దుకాణం నుంచి నల్లటి కారొకటి పెద్దపల్లికి వచ్చింది. ఆ రోజు స్టేషన్ బయట టాంగా గుర్రాలు కూడా మెడలు తిప్పి చూశాయని ముత్యం చాలాకాలం చెప్పుకున్నాడు.

రెండో నెలలో మొదలైంది గోల. సుల్తానాబాద్ దాటాక రోడ్డు కొంచెం పల్లానికి దిగుతుంది. అక్కడ మూడో గేరులో పోతుండగా 'టక్' మని గేరు దానంతటదే బయటికి దూకింది. చక్రాలతో తనకు సంబంధం లేనట్టు ఇంజను ఒక్కసారి ఊళపెట్టింది.

"ఏమైందయ్యా?" అన్నాడు వెనక కూర్చున్నాయన.

"ఏం లేదు సారూ" అన్నాడు కైలాసం. గేరు మళ్ళీ వేశాడు.

మర్నాడూ అంతే. ఆ కార్లలో గేరు రాడ్డు స్టీరింగు కిందనే, ఎడమ పక్కకు ఉండేది. చేత్తో అదిమి పట్టుకుంటే నిలిచేది, చెయ్యి తీస్తే దూకేది. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో రాడ్డు పట్టుకుని తోలితే ఎడ్లబండి అడ్డమొచ్చినప్పుడు హారను కొట్టడానికి చెయ్యి ఉండదు. ముందు సీటు ఖాళీ ఉన్న రోజుల్లో శంకరవ్వ పక్కన కూర్చుని రాడ్డు పట్టుకునేది. ప్రయాణికులు చూసి నవ్వుతుంటే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది కానీ, పట్టు మాత్రం వదిలేది కాదు. ఆమె రాని రోజు పాత చీర పేలికతో రాడ్డును కట్టి, కొసను మోకాలికి చుట్టుకునేవాడు.

కారుకు గ్యారంటీ ఉంది. కొన్నప్పుడు దుకాణంవాళ్ళు చేతిలో పెట్టిన కాయితం తీసుకుని కైలాసం కరీంనగర్ పోయాడు. దుకాణం యజమాని కొడుకును అందరూ చిన్నసేటు అనేవాళ్ళు. తెల్ల ప్యాంటు, చేతికి గడియారం, పెద్ద అద్దాల వెనక బల్ల. చిన్నసేటు మెకానిక్‌ను పిలిచాడు. ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చిన అంబదాస్ అనే నడివయసు మనిషి అతను. అంబదాస్ కారు తీసుకుని కోర్టు దాకా పోయి వచ్చాడు. దిగి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"దూకుతుందా?" అన్నాడు చిన్నసేటు.

"హో సేట్, దూకుతుంది."

చిన్నసేటు కైలాసం దిక్కు తిరిగాడు. "ఇంతకుముందు ఏం తోలినవ్?"

"టాంగా, సారూ."

"అట్ల చెప్పు మరి!" చిన్నసేటు నవ్వాడు. "గుర్రం పగ్గం గుంజినట్టు గుంజితె గేర్లుంటయా? గ్యారంటీ కంపెనీ తప్పుకు ఇచ్చింది, తోలేటోని తప్పుకు కాదు. తోలుడు నేర్చుకో, అదే నిలుస్తది."

అంబదాస్ నేల చూపులు చూస్తూ చేతులు ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. అప్పటికే అవి శుభ్రంగా ఉన్నాయి.

కైలాసానికి కోపం రాలేదు. అతనికి జరిగిన నష్టం అక్కడే ఉంది. చిన్నసేటు మాటను అతను నమ్మాడు. తండ్రి చెప్పిందే కదా అనుకున్నాడు. తోలినవాడిదే తప్పు. నేనేం చేశాను?

ఆ ప్రశ్న అతన్ని లోపలి నుంచి తొలచడం మొదలుపెట్టింది. పొద్దున్నే స్టేషన్ వెనక ఖాళీ జాగాలో కారు తిప్పుతూ, క్లచ్చి ఇంకా మెల్లగా వదిలి చూశాడు, గేరు ఇంకా మెత్తగా వేసి చూశాడు. వేళ్ళ కొసలతో వేసినా దూకింది. మళ్ళీ దుకాణానికి పోయాడు. చిన్నసేటు ఈసారి లేచి కూడా రాలేదు. మూడోసారి పోతే, "కొత్త గేరు బాక్సు కావాల్నంటే సొంతంగ కొనుక్కో" అన్నాడు. కైలాసం తిరిగొచ్చాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఎడమ చేతిని తిప్పి తిప్పి చూసుకునేవాడు. ఇన్నేండ్లు ఒక మూగజీవిని నొప్పి లేకుండా నడిపిన చెయ్యి. అది తనకు తెలియకుండా మొరటుదైపోయిందా?

"నీ చేతుల గుర్రం ఎన్నడన్న కుంటిందా?" అంది శంకరవ్వ.

"కుంటలె."

"మరెందుకు గంత పరేషాన్?"

"ఇది గుర్రం కాదే. నా తోని కాదేమో."

శంకరవ్వకు దిగులు పట్టుకుంది. కడియాలు పోయినందుకు కాదు, ఇరవై ఏండ్ల కాపురంలో అతని నోట ఆ మాట వినడం ఆమెకదే మొదటిసారి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో పెండ్లివారిని ఎక్కించుకుని కైలాసం చొప్పదండి పోయాడు. వాళ్ళను దింపి నీడ వెతుకుతుంటే, ఒక గోడ పక్కన అచ్చం తన కారులాంటిదే నిలబడి ఉంది. ఆ ఊరి డాక్టరుదట. డ్రైవరు భూమన్న బానెట్ మీద కూర్చుని మామిడికాయ కోసుకుంటున్నాడు. రెండు కార్లు పక్కపక్కన చేరితే డ్రైవర్ల మధ్య చుట్టరికం పుట్టడానికి ఎంతసేపు? భూమన్న కైలాసం కారులోకి తొంగి చూసి, రాడ్డుకు కట్టిన చీర పేలికను చూసి పకపకా నవ్వాడు.

"నీది కూడనా? మూడో గేరేనా?"

కైలాసం చప్పున దగ్గరికి జరిగాడు. "నీది కూడ దూకుతదా?"

"దూకేది. కొన్న నెలకే. మా డాక్టర్ సాబ్ దుకాణానికి పొయ్యి ఒక్క మాట అన్నడు. బాక్సు మొత్తం విప్పి, లోపలి సామాను కొత్తది ఏసిచ్చిండ్రు. గ్యారంటీ కదా! నాకు చాయ్ కూడ తాపిండ్రు."

"నువ్వెట్ల తోల్తవ్ భూమన్నా?"

"ఎట్ల తోల్త? అందరు తోలినట్టె తోల్త."

కైలాసం అలాగే ఆ గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. భూమన్న కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. ఎండదెబ్బ అనుకున్నాడు పాపం. కైలాసం నీళ్ళు తాగి, ఎడమ చెయ్యి చాచి చూసుకుని, చిన్నగా నవ్వాడు. కండ్లలో నీళ్ళు తిరిగాయి. కోపం తర్వాత వచ్చింది, తిరుగు దారిలో, మెల్లమెల్లగా. కానీ ముందు వచ్చింది మాత్రం, మోయరాని బరువేదో ఎవరో వెనక నుంచి ఎత్తినట్టు ఒక తేలిక.

గ్యారంటీ గడువు ఇంకా అయిపోలేదు. అయ్యే రోజు మాత్రం దగ్గరపడింది. మర్నాడు కైలాసం రుమాలు సరిగ్గా చుట్టుకుని, చిన్నసేటు బల్ల ముందు నిలబడ్డాడు.

"చొప్పదండి డాక్టర్ సాబ్ కారుకు ఇదే బీమారి వచ్చిందట గద సారూ. బాగ జేసిచ్చిండ్రట."

చిన్నసేటు ముఖం ఒక్క క్షణం మారింది. "డాక్టర్ సాబ్‌ది వేరే."

"ఎట్ల వేరే సారూ? తోలేటోడు డాక్టరో టాంగావాడో గేరుకేం ఎర్క?"

దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు తలలెత్తారు. చిన్నసేటు గొంతు పెంచాడు. "ఎక్కువ మాట్లాడకు. కాదంటే కాదు!"

కైలాసం గొంతు పెంచలేదు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "గ్యారంటీ ఉండంగనె తెచ్చి మీకు అప్పజెప్తున్న. ఆరామ్‌గ జెయ్యిండ్రి. బాగైనంక కబురు పంపుండ్రి, వచ్చి తీస్కపోత."

"ఏయ్, బండి తీస్కపో!" అని వెనక నుంచి చిన్నసేటు అరుస్తూనే ఉన్నాడు. కైలాసం బస్టాండుకు నడిచాడు.

బస్సులో కూర్చున్నాక ఆలోచన మొదలైంది. ఇంటికి తిండి పెట్టే బండిని వదిలేసి వచ్చాడు. వాళ్ళు దాన్ని ఎండలో పారేస్తే? అసలు ముట్టుకోకపోతే? ఇంటికి వచ్చి జరిగింది చెబితే, శంకరవ్వ తిట్టలేదు. "మంచి పని జేసినవ్" అని లేచి, తమ్ముడు ముత్యం ఇంటికి పోయింది. మరునాటి నుంచి పొద్దుటి రైళ్ళ వేళకు ముత్యం టాంగా ఇచ్చాడు. కైలాసం మళ్ళీ పగ్గాలు పట్టాడు.

స్టేషన్లో దిగినవాళ్ళంతా అడిగేవాళ్ళు. "ఏం కైలాసం, కారేది? అమ్మినవా?"

"లేదు సారూ. మూడో గేరు నిలుస్తలేదు. కరీంనగర్ దుకాణంల ఇచ్చి వచ్చిన. గ్యారంటీ ఉన్నది గద, చేస్తరు."

"ఏమన్నరు?"

"టాంగా తోలినోనివి కాబట్టి నీదే తప్పు అన్నరు. డాక్టర్ సాబ్ కారుకు గదే జరిగితె బాగ జేసిచ్చిండ్రు."

అంతే. ఒక తిట్టు లేదు, ఒక మాట ఎక్కువ లేదు. అడగనివాళ్ళకు చెప్పలేదు. కానీ అడగనివాళ్ళెవరు? వకీళ్ళు, గుమాస్తాలు, బియ్యం వ్యాపారులు, తాసిల్దారు చుట్టాలు, అందరూ అతని టాంగాలో బస్టాండుకు పోయి, అక్కణ్ణుంచి కరీంనగర్ పోయేవాళ్ళే. ఆ మాట వాళ్ళతో పాటే బస్సెక్కింది. రామచంద్రం వకీలు, "నోటీసు ఇద్దామా కైలాసం?" అన్నాడు. "ఇప్పుడే వద్దు సారూ, చూద్దాం" అన్నాడు కైలాసం.

గాజులు కొనే సాకుతో శంకరవ్వ ఒకసారి కరీంనగర్ పోయి వచ్చింది. కారు దుకాణం పక్క సందులో దుమ్ము కొట్టుకుని ఉంది. దాని మీద ఎవరో తువ్వాల ఆరేశారు. ఆమె తువ్వాల తీసి గోడ మీద వేసి, ముందు అద్దాన్ని కొంగుతో తుడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేసింది. ఆ సంగతి భర్తకు చెప్పకూడదనుకుంది కానీ, అన్నం వడ్డిస్తూ చెప్పేసింది. కైలాసం ఆ పూట సగం అన్నమే తిన్నాడు. అయినా కరీంనగర్ పోలేదు.

వానలు మొదలయ్యే ముందు అంబదాస్ బస్సు దిగి టాంగా అడ్డాకు వచ్చాడు. "చల్ అన్నా, బండి తయారైంది" అన్నాడు. దుకాణంలో ఏం జరిగిందో దారిలో చెప్పాడు. కోర్టులో పెద్ద గుమాస్తా దుకాణానికి వచ్చి కైలాసం కారు సంగతి అడిగాడట. మానకొండూరు రైసుమిల్లు షావుకారు, కొత్త కారుకు పైసలు కట్టబోతూ, "మా గ్యారంటీ కూడ గిట్లనేనా?" అన్నాడట. ఆ సాయంత్రమే పెద్దసేటు కొడుకును లోపలికి పిలిచి తలుపు వేసుకున్నాడట. మరుసటి వారమే హైదరాబాదు నుంచి సామాను వచ్చింది.

అంబదాస్ కొంచెంసేపు ఆగి, "నేను మొదటి దినమే చెప్పాల్సింది అన్నా" అన్నాడు. "అది గేరు దోషమే, నీ చేతి దోషం కాదు. సేట్ ముందట నోరు లేవలే. పిల్లలున్నరు, నౌకరి..."

కైలాసం అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడు చెప్పినవ్ గద."

దుకాణంలో చిన్నసేటు తాళంచెవిని బల్ల మీదుగా తోశాడు. "ఊరంత చెప్పుకుంట తిరిగినవట?"

"అడిగినోళ్ళకు చెప్పిన సారూ. అబద్ధం చెప్పలె." కైలాసం తాళంచెవి తీసుకోకుండా నిలబడ్డాడు. "నా తోలుడుల తప్పు లేదని ఒక్క మాట అనుండ్రి."

"బాగ జేసిచ్చినం గద. ఇంకేం గావాలె?"

కైలాసం అతని ముఖం వైపు చూశాడు. అహంకారమే కాదు, అందులో ఇరుకునపడ్డ కుర్రతనం కూడా కనిపించింది. తప్పు ఒప్పుకోవడం ఎవరూ నేర్పని మనిషి. తనకు చిన్నప్పుడే నేర్పారు, కొంచెం ఎక్కువే నేర్పారు. తాళంచెవి తీసుకుని నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు. సుల్తానాబాద్ పల్లంలో మూడో గేరు రాయిలా నిలిచింది. కారు వేగం అందుకుంటుంటే గొంతు దాకా ఏదో పాట వచ్చింది కానీ, పాట పాడే అలవాటు లేదు కనుక ఊరుకున్నాడు.

ఆ కారు అతని చేతిలో చాలా ఏండ్లు తిరిగింది. కార్ల దుకాణంవాళ్ళ ఇంటికి వచ్చే చుట్టాలు కూడా అతని కారే ఎక్కేవాళ్ళు. అందరి దగ్గర తీసుకున్నంతే వాళ్ళ దగ్గరా తీసుకునేవాడు.

కొన్నేండ్లకు పల్లెల్లో కరెంటు మోటర్లు వచ్చాయి. ఒక పొద్దున, పక్క ఊరి నుంచి పోశవ్వ అనే ముసలామె కైలాసం కారు సంగతి విని, అడ్డాకు వెతుక్కుంటూ వచ్చింది. బాయికి కొత్త మోటరు పెట్టించుకుందట, నెల కాకముందే కాలిపోయిందట. అమ్మినవాడేమో, "ఆడిదానివి, నీకు నడుపుడు రాదు" అన్నాడట.

"నిజమేనేమో కొడుకా" అంది ఆమె. "నాకేం తెలుసు, ఏం మీట నొక్కిన్నో ఏమో. నువ్వన్న జర వచ్చి అడుగుతవా?"

కైలాసం కారు తలుపు తీసి, ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

"అడుగుదాం అవ్వా. గని ముందు నాకు చెప్పు, నీ ఊర్లె గా మోటరు ఇంకెవ్వలెవ్వలు కొన్నరు?"

పోశవ్వ ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటూ వేళ్ళు మడవసాగింది. కైలాసం కారును ఆమె ఊరి దారి పట్టించాడు.