కోలాటంలో కొట్టే మర్యాద

మా గురువు కోలాటం నేర్పేటప్పుడు మొదట్లో చాలా రోజులు కోలలు చేతికిచ్చేవాడు కాదు. ఎదుటి మనిషి ముందర ఎట్లా నిలబడాలో నేర్పేవాడు. కోలను చూడకూడదు, ముఖం చూడాలి. ఎదుటివాడు ఎంత బలంగా కొడితే నువ్వూ అంతే కొట్టాలి. పిసరంత ఎక్కువైనా అది ఆట కాదు, పొగరు. పొరబాటున నీ కోల అతని వేళ్ళకు తగిలితే, పాట ఆపకుండా, అడుగు తప్పకుండా, ఆ కోలను ఒకసారి నుదుటికి ఆనించుకోవాలి. అది తప్పు ఒప్పుకోవడం. దెబ్బ తిన్నవాడు తల ఊపాలి. అది మన్నించడం. పావగడలో మొదలుపెట్టి తుమకూరులో బీ.ఏ. దాకా చదివాను కానీ ఇంత మర్యాద ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఇంత మర్యాదగా మనుషుల ఎముకలు విరగ్గొట్టవచ్చని కూడా చెప్పలేదు. అది ఊర్లోనే నేర్చుకున్నాను.

కోలాటంలో ఇద్దరిద్దరు ఒక జత. లోపలి వరసలో ఒకడు, బయటి వరసలో ఒకడు, ఎదురెదురుగా. జతలు కుదిర్చేది గురువు. ఎత్తు చూస్తాడు, చేతుల పొడవు చూస్తాడు, జాతకాలు మాత్రం చూడడు. ఒకసారి కుదిరితే ఆ జత జీవితాంతం. పెళ్ళాన్ని పుట్టింటికి తోలినవాళ్ళు మా ఊర్లో ఉన్నారు. జతను వదిలినవాడు లేడు. మాటలు ఆగిపోయినా, ఒకరింట్లో చావుకు ఇంకొకరు పోకపోయినా, పాట ఎత్తుకుంటే నీ జత ముందర నువ్వు నిలబడాల్సిందే.

మా చిన్నాయనకు జత, మా గట్టుకు అవతల చేనున్నాయన. ఇంట్లో మేము ఆయన్ను గట్టాయన అనేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు ఆ ఇద్దరూ కోలలు కలిపితే చప్పుడు ఒకటే వినిపించేదట. ఆ రెండు చేన్లకూ కలిపి ఒకటే బావి, ఒకటే మోటరు. ఒక రోజు మా చిన్నాయన వంతు, మరుసటి రోజు గట్టాయన వంతు. వానలు పడినన్నాళ్ళూ ఎవరి వంతు ఏ రోజో ఇద్దరికీ గుర్తుండేది కాదు. వానలు మానుకున్నాక ఇద్దరికీ బాగా గుర్తుండటం మొదలైంది.

ఆ ఏడు చెనిక్కాయ, అదే వేరుశనగ, విత్తినాక ఒక వాన పడి, అంతటితో తన పని అయిపోయిందనుకుంది. ఒక పొద్దున చిన్నాయన వంతులో గట్టాయన మోటరు వేసుకున్నాడు. నిన్న కరెంటు రాలేదు కాబట్టి తన వంతు ఇంకా తీరలేదని ఆయన వాదం. వాదంలో న్యాయం లేకపోలేదు. చిన్నాయన దాన్ని పూర్తిగా విని, పార తిప్పి కొట్టాడు. గట్టాయన ఎడమ చెవి సగం గట్టు మీద పడింది. తర్వాత వెతికారు, దొరకలేదు. మా వైపు కాకులు చురుకైనవి.

మరుసటి రోజు గట్టాయన మా ఇంటికొచ్చి, బయటే చెప్పులు విడిచి, "మీ చిన్నాయన ఉండాడా?" అని నన్నే అడిగాడు. తలకు గుడ్డ, చేతిలో మచ్చుకత్తి. ఏం జవాబు చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగా చిన్నాయనే బయటికొచ్చాడు. కత్తి భుజం మీద పడింది. లోపల ఎముక తెల్లగా కనిపించింది. చిన్నమ్మ పసుపు డబ్బా మొత్తం ఆ గాయంలో వంచింది. ఆ కరువు సంవత్సరం మా ఇంట్లో అంత ధారాళంగా వాడిన వస్తువు ఇంకోటి లేదు.

పెద్దమనుషులు కూర్చున్నారు. చెవికీ భుజానికీ చెల్లు అన్నారు. "ఇంగ మీద ఎవురు ముందు చెయ్యెత్తితే వానికి ఈ పంటకు నీళ్ళు ల్యా. బావి నీళ్ళంతా రెండోవానివే" అని తీర్మానం చేశారు. ఇది శాంతి కోసం చేసిన తీర్మానం. ఫలితం ఏమైందంటే, ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒకటే పని: ఎదుటివాడి చేత చెయ్యెత్తించడం.

చెనిక్కాయ అప్పుడు ఊడలు దిగే అదనులో ఉంది. పూత అయినాక సన్నటి ఊడ మట్టిలోకి దిగి అక్కడ కాయ పట్టాలి. నేల గట్టిగా ఉంటే ఊడ దిగదు. దిగకపోతే కాయ లేదు, ఆకు గొర్రెలకు. వంతు వంతున వచ్చే నీళ్ళు రెండు చేన్లకూ చాలవు, ఒక చేనుకైతే చాలుతాయి. ఇద్దరికీ ఇది తెలుసు. రోజూ చెరొక గట్టు మీద నిలబడేవాళ్ళు.

"యోవ్ ఒంటి చెవాయనా! ఇనపడతాండాదా?" అనేవాడు చిన్నాయన.

"ఇనపడతాండాది లేప్పా. నీ పెండ్లాం నిన్ను తిట్టేది గూడా ఈడికి ఇనపడతాండాది."

"దగ్గరికి రా, రెండో చెవి గూడా సరి చేస్తా."

"చెయ్యెత్తప్పా, ఎత్తు! నీళ్ళు నాకిచ్చి పుణ్యం కట్టుకో."

ఎవరూ ఎత్తలేదు. ఇద్దరూ ఇంటికొచ్చి ఆ కోపమంతా గొడ్ల మీద చూపించేవాళ్ళు. మా ఎద్దు ఆ నెలలో తిన్న దెబ్బలకు ఏ పెద్దమనిషీ తీర్మానం చేయలేదు.

అట్లా ఉండగా ఊరివాళ్ళు వాన కోసం కోలాటం పెట్టారు. మా పక్క వాన కోలాటం పట్టపగలు, ఎర్రటి ఎండలో ఆడాలి. చూసి పైవాడికి సిగ్గేయాలని. పాట మొదలైతే మధ్యలో నిలపకూడదు. జతకు రానివాడి మీదే వాన రాలేదన్న నింద పడుతుంది. కాబట్టి ఇద్దరూ వచ్చారు. స్నానం చేసి, ఉతికిన పంచెలు కట్టుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టుకొని. లోపలి వరసలో చిన్నాయన, ఆయన ఎడమ పక్క నేను. బయటి వరసలో ఆయన ముందర గట్టాయన. కోలలు కళ్ళకద్దుకున్నారు. ఒకరికొకరు మొక్కారు. అంత వినయం చూసి నాకు ఒళ్ళు జలదరించింది.

చావడి ముందర నేల కాలిపోతోంది. గురువు తాళాలు వాయిస్తూ పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం బాగానే గడిచింది. రెండో చరణంలో గట్టాయన కోల కొంచెం కిందికి జారి చిన్నాయన వేళ్ళ మీద పడింది. వెంటనే ఆయన కోలను నుదుటికి ఆనించుకున్నాడు. చిన్నాయన తల ఊపాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. వచ్చే చరణంలో చిన్నాయన కోల జారింది. ఈయన కూడా నుదుటికి ఆనించుకున్నాడు. ఆయన కూడా తల ఊపాడు.

అప్పుడు అర్థమైంది. ఆటలో తగిలితే అది చెయ్యెత్తడం కాదు. నుదుటికి కోల ఆనితే లెక్క తీరిపోతుంది. ఊరంతా చూస్తుండగా, దేవుడి పాట పాడుకుంటూ, ఒకరి చేతులు ఒకరు చితక్కొట్టుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు తాలూకా మొత్తంలో లేదు.

పాట వేగం పెరిగింది. కొట్టడం, మొక్కడం. కొట్టడం, మొక్కడం. తుమ్మ కోలలు. తుమ్మ ఎముక కన్నా గట్టి. చిన్నాయన గోరు ఒకటి లేచి నిలబడింది. గట్టాయన కోలలు పిడికిలి దగ్గర ఎర్రబడ్డాయి. ఇద్దరి పెదాలూ పాట పాడుతూనే ఉన్నాయి, ఇద్దరి కళ్ళూ నియమం ప్రకారం ఎదుటివాడి ముఖం మీదే ఉన్నాయి. నా జత అయిన రైతు నా ముఖం కేసి చూడకుండా, పక్కకు చూస్తూ, "బీ.ఏ., మీ చిన్నాయన బొటనేలు పోయినట్లుండాది" అన్నాడు. చూశాను. బొటనవేలు ఉంది, కానీ ఉండాల్సిన పక్కకు లేదు. దాన్ని పక్కన పెట్టి మిగతా నాలుగు వేళ్ళతో కోల పట్టుకొని చిన్నాయన ఆడుతున్నాడు.

ఆడవాళ్ళ గుంపులోంచి చిన్నమ్మ అరిచింది: "గురువప్పా, నిలపండప్పా! సచ్చిపోతారు!"

గురువు నిలపలేడు. నిలిపితే వాన పోతుంది. ఆయన చేతిలో ఉన్నది ఒకటే: కోపు మార్చడం. కోలాటంలో ఒక్కో రకం ఆటను కోపు అంటారు. జత మార్పు కోపులో లోపలి వరస మొత్తం ఒక మనిషి కుడికి జరుగుతుంది, ఆ చరణానికి ప్రతివాడికీ కొత్త మనిషి ఎదురొస్తాడు. గురువు గొంతు చించుకొని "మార్పూ!" అని కేక పెట్టాడు.

ఆ కేక వచ్చినప్పుడు గట్టాయన రెండు కోలలూ కలిపి నెత్తి మీదికి ఎత్తి ఉన్నాడు. అది వేళ్ళ కోసం ఎత్తిన ఎత్తు కాదు. చిన్నాయన కేక విని, అలవాటు ప్రకారం, ఒక అడుగు కుడికి జరిగాడు. ఎడమ నుంచి నేను ఆయన చోటికి వచ్చాను. బతుకులో నేను సరిగ్గా సమయానికి చేరుకున్న సందర్భాలు తక్కువ. అది ఒకటి.

తల పగిలిన శబ్దం తగిలినవాడికి పెద్దగా వినపడదు. వేడిగా ఏదో కంట్లోకి కారింది. కూర్చున్నాను. పైకి చూస్తే గట్టాయన కోలలు నుదుటికి ఆనించుకుంటున్నాడు, అడుగు తప్పకుండా. నా నెత్తురు ఆయన నుదుట అడ్డంగా అంటుకుంది. నేను తల ఊపలేదు. ఊపే స్థితిలో లేదది.

నన్ను ఎద్దులబండిలో వేసి వై.ఎన్.హొసకోటకు తోలుకుపోయి కుట్లు వేయించారు. కట్టు కట్టుకొని నేను తిరిగి వచ్చేసరికి పెద్దమనుషులు మళ్ళీ కూర్చొని ఉన్నారు. గట్టాయన వాదం సిద్ధంగా ఉంది: "ఆటలో తగిలిండాదప్పా. కోల నుదుటికి ఆనించుకుంటి గదా. అందురూ చూసినారు."

గురువు అంతసేపూ తాళాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. "యేళ్ళకు తగిలినదానికి మొక్కు ఉండాది. తలకాయకు తగిలినదానికి నా కాడ మొక్కు ల్యా. ఆ కోపు నేను నేర్పలేదప్పా" అన్నాడు.

తీర్పు అయిపోయింది. బావి నీళ్ళంతా మా చిన్నాయనవి. నా చదువు మా ఇంటికి ఎందుకూ పనికి రాలేదని బాధపడే చిన్నమ్మ ఆ రోజు నాకు నెయ్యి వేసి అన్నం పెట్టింది. తల ఇంటికి ఇంత పనికొస్తుందని ఆమె అనుకోలేదు. వాన మాత్రం రాలేదు.

గట్టాయన చేను మా కళ్ళ ముందరే ఎండింది. ఆకు ముడుచుకుంది, తర్వాత రంగు మారింది, తర్వాత గలగలమంది. ఆయన చేతులకు గుడ్డలు చుట్టుకొని గట్టు మీద కూర్చొని చూసేవాడు. తిట్టేవాడు కాదు. అది మాకు తిట్ల కన్నా కష్టంగా ఉండేది.

కొన్నాళ్ళకు మా బావిలో మోటరు నీళ్ళు మాని బురద తాగడం మొదలుపెట్టింది. లోతు తీయాలి. కూలివాళ్ళు వలస పోయారు. బావిలో సగం గట్టాయనది, ఆయన ఒప్పుకోకుండా గడారి, అంటే గడ్డపార, దించకూడదు. చిన్నాయన అడగలేదు, అడిగే ముఖం లేదు. ఒక పొద్దున గట్టాయనే గడారి భుజాన వేసుకొని వచ్చాడు.

"బావి నాది గూడా. వచ్చే ఏటికన్నా నీళ్ళుండాల" అన్నాడు, మాలో ఎవరితో అన్నాడో తెలియకుండా.

చిన్నాయన బొటనవేలు వంకరగా అతుక్కుంది, గడారి పట్టలేడు. కాబట్టి కిందికి దిగింది గట్టాయన. పైన మోకు పట్టుకున్నది చిన్నాయన, నేను. కింద ఆయన రాయి పగలగొట్టి గంపలో నింపుతాడు. పైన మేము గిలక మీద లాగుతాం. రాళ్ళ గంప సరిగ్గా ఆయన తల మీదుగానే పైకి రావాలి. చిన్నమ్మ దూరంగా నిలబడి చిన్నాయన చేతుల్నే చూస్తోంది. నేనూ వాటినే చూశాను. మోకు వదలడానికి చెయ్యెత్తాల్సిన పని కూడా లేదు.

గంప సగం దూరం వచ్చినాక ఒక రాయి కదిలింది.

"పక్కకు జరుగప్పా!" అని చిన్నాయన అరిచాడు. పార తిప్పిన నాటి తర్వాత తిట్టు లేకుండా ఆయనతో మాట్లాడిన మొదటి మాట. రాయి పడిన చప్పుడు వచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. చిన్నాయన మెడ నరాలు పైకి లేచాయి, మోకు మాత్రం జారలేదు.

"ఉండా" అని కింద నుంచి గొంతు వచ్చింది. "లాగండి."

అట్లా పని చేస్తే కొన్నాళ్ళకు ఊట కనపడింది. మోకాలి లోతు, మురికిది, కానీ నీళ్ళే. మా చేనుకు ఒకటి రెండు తడులకు సరిపోతుంది. గట్టాయన నిచ్చెనెక్కి పైకి వచ్చాడు. తల నుంచి కాళ్ళ దాకా బురద. తొట్టి దగ్గర ఆగి, మొదటి బక్కెట నీళ్ళ కేసి చూసి, చిన్నాయనతో అన్నాడు:

"కాళ్ళు కడుక్కోవాల. నీళ్ళు నీవి గదా, అడుగుతాండా."

ఆ మాట మచ్చుకత్తి కన్నా లోతుగా దిగింది. చిన్నాయన బక్కెట ఆయన ముందరికి జరిపాడు.

"కడుక్కోప్పా" అన్నాడు.

గట్టాయన కాళ్ళు కడుక్కున్నాడు. చేతులకు చుట్టిన గుడ్డలు విప్పి చేతులు కడుక్కున్నాడు. సగం చెవి వెనక కడుక్కున్నాడు. ఏమాత్రం తొందరపడలేదు. మా చేను ఎండలో కాగుతోంది. చిన్నాయన స్టార్టరు మీద ఎడమ చెయ్యి పెట్టుకొని, ఆయన కడుక్కోవడం అయ్యేదాకా, మోటరు వేయకుండా నిలబడ్డాడు.