తేతా ఇంటి పుదీనా నిమ్మరసం

దోహా అల్ సద్‌లో మా ఆఫీసు కింద జ్యూస్ దుకాణం ఉంది. అక్కడ పుదీనా, నిమ్మకాయ, ఐసు కలిపి మిక్సీ తిప్పినప్పుడల్లా ఆ పచ్చి వాసన మెట్ల మీదుగా మా అంతస్తు దాకా వస్తుంది. మొన్న ఆ గ్లాసు పక్కన పెట్టుకుని, ఇజ్రాయెల్‌లో జనం ఇష్టంగా తాగే పానీయాల గురించి ఒక వ్యాసం చదివాను. పుదీనా నిమ్మరసం, చలికాలపు సహ్లబ్, యాలకుల కాఫీ, చింతపండు షర్బతు... నేను తాగనిది ఒక్కటీ లేదు. ఇజ్రాయెల్ మాత్రం ఎన్నడూ చూడలేదు. అవన్నీ చిన్నప్పుడు ఈ ఖతార్‌లోనే, అల్ ఖోర్‌లో, మా ఎదురింటి తేతా వంటింట్లో తాగినవి.

తేతా అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. ఆమె ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫాలో పుట్టిన పాలస్తీనా మనిషి. తొమ్మిదేళ్ళప్పుడు, 1948 యుద్ధంలో, ఇల్లు వదిలి వెళ్ళి, ఎక్కడెక్కడో బతికి, ముసలితనంలో కొడుకు ఉద్యోగం వెంట ఖతార్ చేరింది. మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్న గ్యాస్ ప్లాంటులో ఫిట్టర్. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం ఊరంతా తవ్వుతున్న రోజులవి. ఎంత తుడిచినా కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాసేంత దుమ్ము పేరుకునేది. బడి నుంచి వచ్చి మేం మెట్ల మీద తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే తేతా తలుపు తీసి, చలికాలమైతే పాలు చిక్కగా కాచి దాల్చినచెక్క పొడి, కొబ్బరి కోరు చల్లిన సహ్లబ్, రంజాన్ నెలలో నల్లటి చింతపండు షర్బతు చేతికిచ్చేది.

"చారులో పంచదార పోసుకు తాగడమేంటే!" అని అమ్మ నవ్వేది. తను మాత్రం ముట్టేది కాదు.

నాకు పదో ఏడు నడుస్తుండగా అమ్మ కడుపుతో ఉంది. మూడో నెల నుంచి మంచినీళ్ళు కూడా ఇమడలేదు. రెండుసార్లు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. అమ్మ చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి.

"టికెట్ తీసేత్తాను. పిల్లని తీసుకుని మీ అమ్మగారింటికెళ్ళిపో," అన్నాడు నాన్న ఒక పొద్దున డ్యూటీకి వెళ్తూ.

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఏడుస్తూ ఎదురింటికి పోయాను. నాకు బడిలో నేర్చిన అరబిక్, తేతాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలు కలిస్తే సంగతి తెలిసింది. ఆమె పుదీనా తుంచి, నిమ్మకాయ పిండి, ఐసు దంచి వేసి గ్లాసు నా చేతికిచ్చింది. "శ్వయ్య, శ్వయ్య," అంది, కొంచెం కొంచెంగా అని.

ఎదురింటిదంటే అమ్మ తాగదు. నేనే చేశానని అబద్ధం చెప్పాను. అమ్మ చెంచా చెంచాగా తాగింది. సాయంత్రం దాకా వాంతి కాలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ తెచ్చాను.

నాలుగో రోజు అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "మనింట్లో నిమ్మకాయలు లేవు. నిజం చెప్పు, ఎవరిచ్చారు?"

చెప్పాను. దెబ్బలు పడతాయనుకున్నాను. అమ్మ చీర సర్దుకుని, గోడ పట్టుకుంటూ వెళ్ళి ఎదురింటి తలుపు తట్టింది.

"రేపట్నుంచి కాస్త ఉప్పు కూడా వెయ్యమని చెప్పవే," అంది నాతో, తేతా పక్కన కూర్చుంటూ.

తేతా నవ్వి ఉప్పు డబ్బా తెచ్చింది. హైఫాలో వాళ్ళ నాన్న పెరట్లో రెండు నిమ్మచెట్లుండేవనీ, కాయలు కోసే పని తనదేననీ ఆ రోజు చెప్పింది. "మళ్ళీ వెళ్ళి చూశారా అని అడుగు," అంది అమ్మ. అడిగాను. "మా ఫీ," అని, లేదన్నట్టు చెయ్యి తిప్పి, అమ్మ గ్లాసు మళ్ళీ నింపింది.

నాన్న టికెట్ తీయలేదు. తమ్ముడు అల్ ఖోర్‌లోనే పుట్టాడు. వాడికి రెండేళ్ళు నిండాక రోడ్డు వెడల్పు కోసం బిల్డింగ్ ఖాళీ చేయమన్నారు. మేం దోహా వచ్చేశాం. తేతా అమ్మాన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళింది. మాకు క్రిస్మస్ పండగని గుర్తుపెట్టుకుని రెండేళ్ళు ఫోన్ చేసింది. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు.

పోయిన నెల నాన్నతో అల్ ఖోర్ వెళ్ళాను. అక్కడ ఇప్పుడు వెడల్పాటి తారు రోడ్డు, రెండు వైపులా ఇనుప కంచె. మా మెట్లు ఎక్కడుండేవో గుర్తుపట్టడానికి ఒక్క గోడా మిగల్లేదు. నాన్న కారు నెమ్మది చేశాడు.

"ఇక్కడేననుకుంటా," అన్నాడు.

వెనక బండివాడు హారన్ కొట్టాడు. ముందుకు వెళ్ళిపోయాం.